ఆపగలడు కదా, మరెందుకు ఆపడు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం దగ్గర ఒక మండల కేంద్రం. మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఆరేళ్లప్పుడు కళ్లు టపటపా ఆర్పడం మొదలైంది. టీవీ ఎక్కువ చూస్తున్నాడనుకున్నాం. కళ్ల డాక్టరు చుక్కల మందు ఇచ్చారు, రెండు నెలలకు తగ్గింది. తర్వాత ముక్కు ఎగబీల్చడం, మూతి పక్కకు తిప్పడం వచ్చాయి. ఏడాదిన్నరగా మెడ ఒక పక్కకు విదిలిస్తున్నాడు, గొంతులోంచి ‘ఉహుఁ, ఉహుఁ’ అని శబ్దం చేస్తున్నాడు. గొంతులో ఏమీ లేదని ఈఎన్‌టీ డాక్టరు చెప్పారు. పోయిన నెల హైదరాబాద్‌లో పిల్లల న్యూరాలజిస్టు చూసి ‘టురెట్’ అని రాశారు. టెస్టులేమీ అక్కర్లేదు, కావాలంటే మందు వాడొచ్చు అన్నారు. మావారు ఫోన్‌లో వెతికితే బూతులు అరిచేవాళ్ల వీడియోలు వచ్చాయి. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

వాడు కావాలనే చేస్తున్నాడని మావారి అభిప్రాయం. క్యారమ్స్ ఆడేటప్పుడు అస్సలు ఉండదు, చుట్టాలొస్తే కాసేపు ఆపుకుంటాడు, పుస్తకం తీయమంటే మాత్రం మొదలవుతుంది. రెండుసార్లు కొట్టారు కూడా. మా అత్తగారు దిష్టి అని తాయెత్తు కట్టించారు. మావారు కూడా చిన్నప్పుడు ముక్కు ఎగరేసేవారట, ‘నాలుగు తగిలిస్తే మానేశాడు’ అంటారావిడ. స్కూల్లో ఒకమ్మాయి, తనకు కన్ను కొడుతున్నాడని టీచర్‌కు చెబితే వీణ్ని క్లాసు బయట నిలబెట్టారు. ఇంటర్ చదివే మా పాప వాణ్ని వెక్కిరిస్తుంది. ఈమధ్య బ్యాగు జిప్పు నాలుగైదుసార్లు తీసి వేస్తేగానీ స్కూలుకు కదలడం లేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు చాలా టెన్షన్ పడ్డాను, దానివల్లే వచ్చిందా? తగ్గుతుందా? మందు వేయాలా? వచ్చే నెల మా మరిది పెళ్లి. బాబును మా అమ్మవాళ్లింట్లో వదిలి రమ్మంటున్నారు. ఏం చేయమంటారు?

ఒక తల్లి

జవాబు:

అమ్మా,

ముందు ఒక చిన్న పని చేయండి. ఈ రాత్రి భోజనాలయ్యాక మీవారిని పేపరు తీసి ఒక వార్త పైకి చదవమనండి. చదివినంతసేపూ కనురెప్ప వేయకూడదు, అదొక్కటే షరతు. మొదటి పది సెకన్లు సులువుగానే గడుస్తాయి. ఆ తర్వాత కళ్లు మండుతాయి, నీళ్లూరతాయి, ధ్యాసంతా రెప్పల దగ్గరికే పోతుంది, చదివేది ఒక్క ముక్క బుర్రకెక్కదు. చివరికి రెప్ప పడుతుంది. పడగానే ప్రాణం హాయిగా ఉంటుంది. అప్పుడు అడగండి, ‘రెప్ప కావాలనే వేశారా?’ అని.

మీ బాబు మెడ విదిలింపు అలాంటిదే. ఇలా ఆపుకోలేకుండా వచ్చే కదలికల్నీ శబ్దాల్నీ టిక్స్ అంటారు. విదిలించే ముందు మెడలో ఒక బిగుతో, సలుపో, దురదో, ఏదో సరిగ్గా లేనట్టు ఒక ఇబ్బందో పుడుతుంది. విదిలిస్తే అది క్షణంపాటు పోతుంది, మళ్లీ పుడుతుంది. డాక్టర్లు దీన్ని అర్జ్ అంటారు. కాసేపు బిగబట్టుకోవచ్చు. చుట్టాలొచ్చినప్పుడు మీవాడు చేస్తున్నది అదే. బిగబట్టుకోగలగడం చూసి ‘చూశావా, ఆపగలడు’ అంటున్నారు మీవారు. రెప్ప వేయకుండా ఇరవై సెకన్లు ఉండగలిగాం కాబట్టి రోజంతా ఉండగలం అనుకోవడం లాంటిదది. పైగా పదేళ్లలోపు పిల్లలు చాలామంది ఈ అర్జ్‌ని మాటల్లో పెట్టలేరు. ఎందుకు చేశావంటే ‘తెలియదు’ అంటారు. పెద్దవాళ్లకది మొండితనంలా వినిపిస్తుంది.

నేను డాక్టర్ని కాను. పాతికేళ్లు స్కూళ్లలో పిల్లల కౌన్సెలర్‌గా పనిచేశాను. అంతకు చాలా ముందే, టిక్స్ ఉన్న పిల్లాడికి అక్కని. మా తమ్ముడికి ఏడో ఏట భుజం ఎగరేయడం మొదలైంది, తర్వాత గొంతులో కూత. ఆ రోజుల్లో మా ఊళ్లో దానికో పేరుందని ఎవరికీ తెలియదు. మా నాన్నగారు చింతబరికె పట్టుకుని ఎదురుగా కూర్చునేవారు. స్కూల్లో బెంచీ ఎక్కించేవారు. నేనైతే వాడిలా భుజం ఎగరేసి చూపించి స్నేహితురాళ్లను నవ్వించేదాన్ని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. వాడు పెద్దయ్యాక ఒకరోజు చెప్పాడు. ‘తుమ్ము ముక్కు చివరిదాకా వచ్చి ఆగిపోతే ఎలా ఉంటుందక్కా? నాకు రోజంతా అలా ఉండేది. మీరేమో తుమ్మొద్దనేవాళ్లు.’

మీ పాపకు ఈ మాట చదివి వినిపించండి. తిట్టక్కర్లేదు, ఇంటర్ చదివే పిల్ల, అర్థం చేసుకుంటుంది. ఈ వయసు పిల్లలు వినే బిల్లీ ఐలిష్ అనే గాయని తనకు టురెట్ ఉందని 2018లోనే చెప్పింది. ఆ సంగతీ చెప్పండి.

ఇక ఈ జబ్బు సంగతి. మన మెదడు లోపలి భాగంలో బేసల్ గాంగ్లియా అని కొన్ని కణాల గుంపులుంటాయి. చేయాలనుకున్న కదలికను వదిలి, అక్కర్లేని కదలికలను అక్కడే నిలిపేయడంలో వాటికి పెద్ద పాత్ర ఉంది. రైల్వే గేటు లాంటి పని అనుకోండి. టిక్స్ ఉన్న పిల్లల్లో ఆ గేటు కాస్త వదులు. వెళ్లకూడని చిన్న చిన్న కదలికలు దాటి వచ్చేస్తాయి. డోపమైన్ అనే రసాయనానికి ఇందులో సంబంధం ఉందని, ఆ రసాయనాన్ని అదుపుచేసే మందులు పనిచేయడం వల్ల తెలిసింది. ఇది మనసు బలహీనత కాదు, పెంపకంలో లోపం కాదు, కడుపుతో ఉన్నప్పుడు మీరు పడ్డ టెన్షన్ తెచ్చిపెట్టిన శిక్ష అంతకన్నా కాదు. ఎక్కువగా వంశంలో వచ్చేది. మీరు మోస్తున్న ఆ బరువు ఇవాళే దించేయండి.

టురెట్ అనే పేరు చూసి భయపడొద్దు. జార్జ్ జిల్ ద లా టురెట్ అనే ఫ్రెంచి డాక్టరు 1885లో ఇలాంటి తొమ్మిదిమంది గురించి రాశారు, వారి గురువు షార్కో ఆ పేరు పెట్టారు. అంతే. మీ బాబుది ముదిరిందని ఆ పేరుకు అర్థం కాదు. కదలికలో, శబ్దాలో వచ్చి ఏడాది దాటకపోతే దాన్ని తాత్కాలిక టిక్స్ అంటారు. స్కూలు వయసు పిల్లల్లో ఐదుగురిలో ఒకరికి దాకా ఏదో ఒక దశలో ఇలా వచ్చిపోతాయని అంచనా. ఏడాది దాటి, కదలికలు మాత్రమే లేదా శబ్దాలు మాత్రమే ఉంటే అదో రకం. ఒకటికి మించిన కదలికలు, కనీసం ఒక శబ్దం, మొత్తమ్మీద ఏడాదికి పైగా ఉంటే దాన్ని టురెట్ అంటారు. తేలికగా ఉన్నా ఆ పేరే, తీవ్రంగా ఉన్నా ఆ పేరే. వందమంది పిల్లల్లో ఒకరికి, లేదా అంతకన్నా కాస్త తక్కువమందికి ఉంటుంది. అబ్బాయిల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. మీ ఊళ్లోని స్కూల్లో ఐదారు వందలమంది ఉంటే, మీవాడు కాక ఇంకొకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్ల అమ్మలూ ఈపాటికి కళ్ల డాక్టర్ల చుట్టూ తిరుగుతూ ఉంటారు.

బూతులు అరవడం టురెట్ ఉన్నవారిలో పదిమందిలో ఒకరికి అటూ ఇటూ మాత్రమే కనిపిస్తుంది. ఎక్కువమంది చూసే వీడియోలు అవే కాబట్టి ఫోన్ వాటినే ముందు చూపిస్తుంది. మూతి తిప్పే పిల్లాడి వీడియో ఎవరు చూస్తారు చెప్పండి?

టెస్టులు అక్కర్లేదన్న డాక్టరు సరిగ్గానే చెప్పారు. స్కానింగ్‌లో కనిపించే జబ్బు కాదిది. మొదలైన తీరు విని, పిల్లాణ్ని చూసి తేలుస్తారు. కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం వెంటనే మళ్లీ చూపించండి. మాట్లాడుతూ ఉన్నట్టుండి శూన్యంలోకి చూసి, పిలిచినా పలకకపోతే అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. గొంతునొప్పి, జ్వరం వచ్చిన కొన్ని వారాలకో నెలలకో చేతులూ కాళ్లూ నాట్యం చేస్తున్నట్టు ఆగకుండా కదలడం, చేతిలోవి జారిపోవడం మొదలైతే అది కొరియా అనే కదలికల జబ్బు కావచ్చు, గుండె కూడా పరీక్ష చేయించాలి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు.

ఇప్పుడు మీ అత్తగారి మాటకొస్తాను. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆవిడ చెప్పిన సంగతే. మీవారు చిన్నప్పుడు ముక్కు ఎగరేసేవారు, దెబ్బలకు మానేశారు అంటున్నారావిడ.

టిక్స్‌కు ఒక స్వభావం ఉంది. కొన్ని వారాలు పెరుగుతాయి, కొన్ని వారాలు తగ్గుతాయి, ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. బాగా ఎక్కువైనప్పుడే మనం ఏదో ఒకటి చేస్తాం. ఆ తర్వాత ఎటూ తగ్గే కాలం వస్తుంది. తగ్గినప్పుడు మనం చేసినదానికి పేరొస్తుంది. మీ బాబు కంటి చుక్కలకు ‘తగ్గింది’ ఇలాగే. తాయెత్తుకు తగ్గినా ఇలాగే. చాలామంది పిల్లల్లో పది పన్నెండేళ్ల మధ్య టిక్స్ అన్నిటికన్నా ఎక్కువగా ఉండి, పద్దెనిమిది వచ్చేసరికి బాగా పలచబడతాయి. మీవారి ముక్కు ఎగరేయడం కూడా వయసుతో పోయి ఉంటుంది. దెబ్బలు మాత్రం అనవసరంగా తిన్నారు.

ఈ పేరా మీవారి కోసం రాస్తున్నాను. అయ్యా, మీకు చిన్నప్పుడు ముక్కు దగ్గర ఎలా ఉండేదో గుర్తుచేసుకోండి. ఆపమన్నప్పుడు ఆపలేక ఎలా అనిపించేదో కూడా. ఈ ఇంట్లో మీ బాబుకు జరుగుతున్నది లోపలినుంచి తెలిసిన మనిషి మీరొక్కరే. వాడికది చెప్పండి. ‘నాక్కూడా ఉండేదిరా’ అని మీ నోటినుంచి వింటే వాడికి కొండంత ధైర్యం. కొట్టడం వల్ల భయం పెరుగుతుంది, భయం వల్ల టిక్స్ పెరుగుతాయి. మీరు ఆశించిన ఫలితానికి అది సరిగ్గా ఎదురుదారి.

అత్తగారితో పోట్లాడకండి. ఆవిడ ఉప్పు తిప్పి పారేస్తే నష్టమేమీ లేదు, తాయెత్తూ ఉండనివ్వండి. మూడు విషయాల్లో మాత్రం గట్టిగా నిలబడండి. వాతలు పెట్టడం, మిరపకాయల పొగ పట్టించడం వద్దు. ఏమున్నదో తెలియని పసర్లు, పొడులు మింగించొద్దు. వాడి ఎదురుగా ‘ఏదో పట్టింది’ అనే మాట రాకూడదు. తనలో ఏదో దూరిందని నమ్మిన పిల్లాడు రాత్రి ఒంటరిగా బాత్రూమ్‌కి కూడా పోలేడు. అలాంటి పిల్లల్ని నేను చూశాను.

క్యారమ్స్ సంగతి అడిగారు. చేతులూ కళ్లూ మనసూ ఒకే పనిలో మునిగితే చాలామందిలో టిక్స్ తగ్గుతాయి. ఆట, సంగీతం, బొమ్మలు వేయడం, ఏదైనా కావచ్చు. మా తమ్ముడికి ఇప్పుడు నలభై ఆరేళ్లు, మొబైల్ రిపేరు షాపు నడుపుతున్నాడు. భూతద్దం కింద సోల్డరింగ్ చేస్తుంటే చెయ్యి రవ్వంత అదరదు. ఇంటికొచ్చి టీవీ ముందు కూలబడితే భుజం ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎగురుతుంది. అలసట, విసుగు, కంగారు ఉన్నప్పుడు ఎక్కువవుతాయి. పండగ, ప్రయాణం లాంటి సంతోషంలో కూడా ఎక్కువవుతాయి, అది చూసి ఆశ్చర్యపోకండి. పుస్తకం తీసినప్పుడు ఎందుకు మొదలవుతుందంటారా? స్కూల్లో రోజంతా గడిపి అలసిపోయి ఉంటాడు, లెక్క రాదేమోనన్న బెరుకు ఉంటుంది, ఎదురుగా నాన్న చూస్తూ కూర్చుంటారు. ఇన్ని ఒక్కచోట కలిస్తే ఇంకేం కావాలి?

అందుకే ఇంట్లో మార్చాల్సినవాటిలో మొదటిది మీ చూపు. మెడ విదిలించిన ప్రతిసారీ ఇంట్లోవాళ్ల కళ్లు వాడి మెడమీదికి పోతున్నాయి. ‘ఆపు’, ‘మళ్లీ మొదలెట్టావా’, ‘నెమ్మదిగా ఉండు నాన్నా’, ఇవన్నీ మానేయండి. చివరిదాంట్లో ప్రేమ ఉన్నా సరే, మానేయండి. దగ్గు గురించి మాట్లాడితే దగ్గొచ్చినట్టు, టిక్ గురించి మాట్లాడితే టిక్ వస్తుంది. శబ్దం వచ్చినా మాట మధ్యలో ఆపకుండా, చెప్తున్నది వింటూ ఉండండి. రెండు మూడు వారాలు మీకు నరకంలా ఉంటుంది, ఆ ‘ఉహుఁ’ చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఆ తర్వాత ఫ్యాను చప్పుడులా అలవాటవుతుంది. అలాగే టిక్స్ ఎక్కువగా ఉన్నాయని హోంవర్క్ మాఫీ చేయొద్దు, అడిగినదల్లా కొనివ్వొద్దు. కాస్త ఆగి, నీళ్లు తాగి, మళ్లీ కూర్చోమనండి. స్కూలునుంచి రాగానే ఓ అరగంట ఎవరూ ఏమీ అడగని సమయం ఇవ్వండి. నిద్ర సరిపోయేలా చూడండి. స్కూల్లో బిగబట్టింది ఇంట్లో రెట్టింపై బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. పరిశోధకులు గమనించి చూస్తే అలా తేలలేదు. ఇంటికొచ్చాక అలసట ఉంటుంది, భయం ఉండదు, అందుకే వదిలేస్తాడు. మీ దగ్గర వదిలేయగలుగుతున్నాడంటే మీమీద వాడికి నమ్మకం ఉందన్నమాట.

స్కూలుకు మీ ఇద్దరూ కలిసి వెళ్లండి. తల్లి ఒక్కతే వెళితే ‘అమ్మ గారాబం’ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. డాక్టరు చీటీ జిరాక్సు తీసుకెళ్లండి. క్లాసు బయట నిలబెట్టినందుకు గొడవతో మొదలుపెట్టకండి, ఆ టీచర్‌కు తెలియక చేశారు. ‘మా బాబుకు టురెట్ అనే నరాల సమస్య ఉంది, కళ్లు ఆర్పడం, మెడ విదిలించడం, గొంతు శబ్దం వాడి చేతుల్లో లేవు, తెలివితేటలకూ దానికీ సంబంధం లేదు, అంటుకునేది కాదు’ అని చెప్పండి. కన్ను కొట్టాడన్న మాట గురించి మాత్రం స్పష్టంగా మాట్లాడాలి. ఆ అమ్మాయి తప్పు కూడా ఏమీ లేదు, చూసింది చెప్పింది. కానీ ఆ మచ్చ తొమ్మిదేళ్ల పిల్లాడిమీద ఉండిపోకూడదు. అది కంటి టిక్ అని టీచరే ఆ అమ్మాయికి, వాళ్ల ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఇది పట్టుబట్టి అడగండి.

ఇంకా కొన్ని అడగొచ్చు. మొదటి బెంచీలో వద్దు, అక్కడైతే క్లాసంతా వెనకనుంచి వాడి మెడనే చూస్తుంది. పక్క వరుసలోనో వెనకనో కూర్చోబెట్టమనండి. మరీ ఇబ్బందిగా ఉన్నప్పుడు, చెయ్యెత్తి కారణం చెప్పకుండా, నీళ్ల బాటిల్ తీసుకుని రెండు నిమిషాలు బయటికెళ్లొచ్చే వీలు ఇవ్వమనండి. పరీక్షల్లో అవసరమైతే కొంచెం ఎక్కువ సమయం, వేరే గది అడగండి. నేను పనిచేసిన ఒక స్కూల్లో, ఆ పిల్లాడు ఒప్పుకున్నాక, టీచర్ క్లాసందరికీ ఒక ఆట పెట్టారు. ప్రతి మూడు పదాలకోసారి తల తిప్పుతూ డిక్టేషన్ రాయాలి. నోటుబుక్కులు గీతలూ కొట్టివేతలతో నిండిపోయాయి. వాడు రోజూ ఇలాగే రాస్తాడని చెప్పాక ఆ క్లాసులో మళ్లీ ఎవరూ వెక్కిరించలేదు. ఆ ఒప్పుకోవడం ముఖ్యం. మీ బాబు వద్దంటే ఆ ఆట పెట్టించొద్దు.

వాడికి ఒక వాక్యం నేర్పండి. ‘అది టిక్. తుమ్ములాగా దానంతట అదే వస్తుంది. నీకు అంటుకోదులే.’ అద్దం ముందు నాలుగుసార్లు అనిపించండి. జవాబు చేతిలో ఉన్న పిల్లాణ్ని ఏడిపించడంలో తోటివాళ్లకు మజా ఉండదు. టిమ్ హోవర్డ్ గురించి కూడా చెప్పండి. ఆయనకు చిన్నప్పటినుంచీ టురెట్. అమెరికా ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడాడు. 2014 వరల్డ్ కప్‌లో బెల్జియం మీద ఒక్క మ్యాచ్‌లోనే డజనుకు పైగా గోల్స్ ఆపాడు. మీవాడి క్యారమ్స్ బోర్డు ఆ మైదానానికి చుట్టమే.

జిప్పు మాట ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నేను మాత్రం అక్కడ ఆగాను. ఎన్నిసార్లు వేస్తాడు? ‘సరిగ్గా అనిపించేదాకా’ వేస్తున్నాడా? వేయకపోతే ఏదో చెడు జరుగుతుందని భయపడుతున్నాడా? మెల్లగా, పోలీసులా కాకుండా అడగండి. టురెట్ ఉన్న పిల్లల్లో చాలామందికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీ లక్షణాలో, ఒకచోట నిలవలేని, శ్రద్ధ నిలపలేని ఏడీహెచ్‌డీయో తోడుగా ఉంటాయి. సగంమందికి పైగా ఏదో ఒకటి ఉంటుంది. చదువునూ స్నేహాలనూ టిక్స్ కన్నా ఎక్కువగా దెబ్బతీసేవి చాలాసార్లు ఇవే. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మెడ గురించి మాత్రమే చెప్పి వచ్చేయకండి, జిప్పు గురించీ చెప్పండి. వాటికి విడిగా చికిత్స ఉంది.

మందు వేయాలా అన్నారు. టిక్స్ ఉన్నాయి కాబట్టి మందు వేయాల్సిన పని లేదు. మెడ నొప్పి పెడుతోందా, నిద్ర పట్టడం లేదా, రాయలేకపోతున్నాడా, స్కూలుకు వెళ్లనని ఏడుస్తున్నాడా, వీటినిబట్టి నిర్ణయించాలి. చూసేవాళ్ల ఇబ్బందికి పిల్లాడికి మాత్ర వేయకూడదు. డాక్టరు క్లోనిడిన్ రాస్తే మొదట్లో నిద్రమత్తు ఉండొచ్చు, బీపీ తగ్గొచ్చు. బాగుంది కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకుతుంది, అది ప్రమాదం. అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ లాంటివి టిక్స్‌ను తగ్గిస్తాయి కానీ ఆకలి, బరువు పెరగొచ్చు, బరువు చూసుకుంటూ ఉండాలి. ఏ మందైనా తగ్గిస్తుంది తప్ప వేళ్లతో సహా పీకేయదు. పెరుగుతూ తగ్గుతూ ఉండే స్వభావం చెప్పాను కదా, అందుకే వారం రోజుల్లోనే మందు పనిచేసిందనో లేదనో తేల్చేయకండి.

చాలామంది పిల్లలకు మందుకన్నా ముందు ఇంకో దారి చూడొచ్చు, అది మన దగ్గర తక్కువమందికి తెలుసు. దాన్ని సీబిట్ అంటారు. టిక్ రాబోతున్న అర్జ్‌ని పిల్లాడు ముందే గుర్తుపట్టడం నేర్చుకుంటాడు. గుర్తుపట్టగానే, ఆ టిక్‌తో కలిసి చేయలేని ఇంకో కదలికను చేస్తాడు. మెడ విదిలింపుకైతే గడ్డం కాస్త దించి మెడ కండరాలను మెత్తగా బిగించి ఉంచడం. గొంతు శబ్దానికైతే నెమ్మదిగా ముక్కుతో పీల్చి నోటితో వదలడం. అర్జ్ చల్లారేదాకా, ఓ నిమిషం. దాంతోపాటు టిక్స్‌ను పెంచే పరిస్థితులేమిటో ఇంట్లోనూ స్కూల్లోనూ వెతికి మారుస్తారు. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు 126 మందిమీద పది వారాలు పరీక్షించి చూశారు. ఇది నేర్చుకున్నవారిలో 52.5 శాతం మందికి స్పష్టంగా మెరుగైంది. సమస్య గురించి చెప్పి ధైర్యం ఇచ్చే మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవారిలో అది 18.5 శాతమే. ఇది శిక్షణ తీసుకున్న సైకాలజిస్టు దగ్గర నేర్చుకోవాలి. ఇంట్లో మీరే మొదలుపెడితే అది ఇంకో రకం ‘ఆపు’ అయిపోతుంది. సాధన చేసినందుకు మెచ్చుకోండి, టిక్ రానందుకు కాదు.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు దొరికిన న్యూరాలజిస్టు మంచి డాక్టరులాగే ఉన్నారు, ఆయన్నే సీబిట్ తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు పేరు అడగండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని పిల్లల మానసిక వైద్య విభాగంలో కూడా అడగొచ్చు. మానసిక చికిత్సాలయం అనగానే వెనక్కి తగ్గకండి, ఆ పేరున్న చోటికి వెళ్లినంత మాత్రాన పిల్లాడికి పిచ్చి అని కాదు. వీడియో కాల్‌లో చెప్పే సైకాలజిస్టులూ ఉన్నారు. ఎప్పుడైనా వాడు ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట అంటే తేలిగ్గా తీసుకోకండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు నిద్ర పట్టని రాత్రి మీరు కూడా ఆ నంబరుకు చేయొచ్చు.

తగ్గుతుందా అన్నారు. సుమారుగా చెప్పాలంటే, పెద్దయ్యేసరికి మూడోవంతు మందిలో దాదాపుగా పోతాయి, ఇంకో మూడోవంతులో బాగా తగ్గి పెద్దగా లెక్కలోకి రావు, మిగతావారిలో ఉండిపోతాయి. మీ బాబు ఏ మూడోవంతులో ఉంటాడో ఇవాళ ఎవరూ చెప్పలేరు. వచ్చే రెండు మూడేళ్లు పెరిగే వయసు, ఇంకాస్త ఎక్కువ కావచ్చు కూడా. అలా అయితే అయ్యో చేయి దాటిపోయిందని అనుకోకండి. ఈ రెండు మూడేళ్లు వాడికి ఎలా గడిచాయన్నదే నాకు ముఖ్యం. మా తమ్ముడి భుజం చాలావరకు తగ్గిపోయింది. ఎవరైనా చెయ్యెత్తితే ఉలిక్కిపడటం మాత్రం ఇంకా పోలేదు.

ఇక పెళ్లి. తీసుకెళ్లండి. బాబాయి పెళ్లికి తనను ఎందుకు తీసుకెళ్లలేదో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, తెలిసిపోతుంది. వెళ్లేముందు పెళ్లికొడుకుతో మీవారిని మాట్లాడమనండి. పందిట్లో ముందు వరుసలో గంటలతరబడి కూర్చోబెట్టొద్దు. తాంబూలం సంచులు పంచడమో, పిల్లల్ని పోగేసి విడిదింట్లో క్యారమ్స్ ఆడించడమో, చేతికో పని పెట్టండి. అలిసిపోతే వెళ్లి పడుకునే గది ముందే చూసిపెట్టండి. డప్పులూ లైట్లూ సందడీ ఉంటాయి కాబట్టి ఆ రోజు టిక్స్ ఎక్కువే ఉంటాయి, ఉండనివ్వండి. ఏ పెద్దమ్మో ‘ఏమైందే వీడికి, అలా చేస్తున్నాడు?’ అని అడుగుతుంది. గొంతు తగ్గించకుండా, పక్కకు లాగకుండా, వాడు వింటుండగానే చెప్పండి: ‘టిక్స్ అంటారు పెద్దమ్మా, వాళ్ల నాన్నకూ చిన్నప్పుడు ఉండేవి. మీరు భోంచేశారా?’